పచ్చ నీళ్ళు: చిత్తూరు దగ్గర మూతపడిన ప్లేటింగ్ షెడ్డును పరిశీలించిన నా అనుభవం

2025 ఫిబ్రవరి మొదటి వారంలో మామిడి గుజ్జు వ్యాపారం చేసే ఒకాయన మా కార్యాలయానికి ఫోన్ చేశారు. చిత్తూరు నుంచి గుడిపాల వెళ్ళే దారిలో ఎకరంన్నర స్థలం, అందులో రెండు పాత రేకుల షెడ్లు చవకగా వస్తున్నాయనీ, తోతాపురి కాయ దిగేలోపల, అంటే జూన్‌లోగా, అక్కడ గుజ్జు డ్రమ్ములు పెట్టుకునే గోదాము కట్టుకోవాలని ఉందనీ, బ్యాంకు వాళ్ళు మాత్రం ఆ స్థలంలో ఇంతకుముందు ఏ పరిశ్రమ నడిచిందో, నేలలో ఏం మిగిలిందో తేల్చి నివేదిక తెమ్మంటున్నారనీ చెప్పారు. "ఒక్క పూట పని కదా మేడమ్, వచ్చి చూసి ఒక సర్టిఫికెట్ రాసిచ్చేయండి" అన్నారు. నేను తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివి, అదే ఊళ్ళో ఒక చిన్న పర్యావరణ సలహా సంస్థలో పనిచేస్తున్నాను. ఆయన ఒక్క పూట అనుకున్న పని ముగిసేసరికి ఆ ఏటి మామిడి కాలమే ముగిసిపోయింది.

ఇటువంటి పరిశీలనలో మొదటి పది రోజులు కాగితాలతోనే గడుస్తాయి. స్థలం యజమాని చనిపోయారు. వారసులు చెన్నైలో ఉంటున్నారు. వాళ్ళ దగ్గర ఒక పాత అట్టపెట్టెలో కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన నిర్వహణ అనుమతుల నకళ్ళు, షెడ్డు నమూనా పటం, చివరి కరెంటు బిల్లులు దొరికాయి. స్కూటర్ విడిభాగాలకూ, బాత్‌రూమ్ కుళాయిలకూ నికెల్, క్రోమియం పూతలు వేసే యూనిట్ అది; మూతపడి పన్నెండేళ్ళయింది. పటం ప్రకారం పూత తొట్లన్నీ పడమటి షెడ్డులో ఉన్నాయి, దాని పక్కనే మురుగు శుద్ధి తొట్టి, అక్కడినుంచి ఎండబెట్టే మడులు. చూడ్డానికి చక్కని పటం. దాన్ని నేను నమ్మవలసినదానికన్నా ఎక్కువ నమ్మాను. పాత ఉపగ్రహ చిత్రాలను ఏడాది వెంట ఏడాదిగా తిప్పి చూసినప్పుడు తూర్పు షెడ్డు వెనుక కంపచెట్లు కూడా మొలవని ఒక నల్లటి మచ్చ కనిపించింది. ఈ ప్రాంతంలో గ్రానైటు పాలిష్ యూనిట్ల బురదను ఎక్కడ పడితే అక్కడ పోయడం మామూలే గనుక అదీ అలాంటిదే అయివుంటుందని నోటు పుస్తకంలో రాసుకుని ముందుకు వెళ్ళిపోయాను.

క్రోమియం పూత సంగతి కొంచెం చెప్పాలి. మామూలు క్రోమ్ తొట్టిలో లీటరుకు సుమారు 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లం, అందులో నూరోవంతు గంధకికామ్లం ఉంటాయి. పంపిన కరెంటులో ఎక్కువ భాగం పూత వేయడానికి కాక హైడ్రోజన్ బుడగలు పుట్టించడానికే ఖర్చవుతుంది. ఆ బుడగలు పగిలినప్పుడు లేచే సన్నని తుంపర పనివాళ్ళ ముక్కుల్లోకి పోతుంది. ప్లేటింగ్ పనివాళ్ళకు ముక్కు మధ్య గోడకు చిల్లు పడటం వైద్యులు ఎప్పటినుంచో ఎరిగిన విషయం. తొట్టిలోంచి తీసిన వస్తువును అంటుకుని వచ్చే ద్రవాన్ని నీళ్ళతో కడుగుతారు. కాలుష్యంలో పెద్ద వాటా ఆ కడిగిన నీళ్ళదే. అందులో ఉండేది హెక్సావలెంట్ క్రోమియం, పసుపు రంగుది, నీటిలో ఇట్టే కరిగేది, క్యాన్సర్ కారకమని తేలినది. దాన్ని ఆమ్ల స్థితిలో ఫెర్రస్ సల్ఫేటుతోనో సోడియం మెటాబైసల్ఫైటుతోనో మార్చి, తర్వాత సున్నం కలిపితే, ట్రైవాలెంట్ క్రోమియంగా మారి ఆకుపచ్చటి బురదై అడుగున పేరుకుంటుంది. ఈ రెండో రూపం మట్టిని పట్టుకుని కదలదు. మొదటి రూపం నీళ్ళు ఎటు పోతే అటు పోతుంది. లోహం ఒకటే అయినా, ఏ రూపంలో ఉందో తెలియకపోతే ఏమీ తెలియనట్టే. చేతిలో పట్టుకుని మట్టికి ఆనించి చూసే ఎక్స్‌రే పరికరం మొత్తం క్రోమియం ఎంతో చెబుతుంది గానీ ఈ తేడా చెప్పలేదు. దాన్ని చూసి మురిసిపోయే వాళ్ళకు ఈ మాట ప్రతిసారీ చెప్పవలసి వస్తోంది.

మొదటిసారి స్థలంలోకి అడుగుపెట్టిన రోజు మేం ముగ్గురం. పొద్దున్నే ఆరున్నరకు మొదలుపెట్టాం, ఎందుకంటే రసాయన రక్షణ దుస్తులు, ముసుగులు వేసుకుని చిత్తూరు ఎండలో పదకొండు దాటాక పనిచేయడం సాధ్యం కాదు. తాళం తీసిన వాచ్‌మన్, "లోపల పాములు ఉంటాయి సార్, మందులకన్నా వాటికే భయపడాల" అని మా సహాయకుడితో అన్నాడు. పాములు కనపడలేదు గానీ, భయపడవలసినవి వేరే ఉన్నాయి. పడమటి షెడ్డులో గోడవారగా పదిహేడు డ్రమ్ములు. నాలుగింటికి చీటీలు లేవు, ఒకటి పైమూత ఉబ్బి ఉంది. ఉబ్బిన డ్రమ్మును ఎవరూ తాకకూడదు, తట్టి చూడకూడదు. దాని చుట్టూ తాడు కట్టి వదిలేశాం. రాగి, జింకు పూతల్లో సయనైడు లవణాలు వాడుతారు, లోహాన్ని శుభ్రం చేయడానికి ఆమ్లాలు వాడుతారు. ఈ రెండూ ఒకే మూల పెట్టి ఉంటే, కారిన ఆమ్లం సయనైడును తాకితే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది. అందుకే వాయువులను కొలిచే మీటర్ ముందు వెళ్ళింది, మేం వెనక వెళ్ళాం. పైకప్పు రేకులు ఆస్బెస్టాస్ సిమెంటువి, విరిగి కింద పడి ఉన్నవి చాలా. వాటిమీద నడవకుండా, కదపవలసి వచ్చినవాటిని ముందు నీళ్ళతో తడిపి పక్కకు జరిపాం. ఎండబెట్టే మడుల పక్కన ప్లాస్టిక్ సంచుల్లో ఆకుపచ్చ బురద గట్టిపడి ఉంది. ప్రమాదకర వ్యర్థాల నియమాలు, 2016 ప్రకారం ఇటువంటి వ్యర్థాన్ని ఉత్పత్తి చేసిన చోట తొంభై రోజులకు మించి ఉంచకూడదు. ఈ సంచులు పన్నెండేళ్ళుగా అక్కడే ఉన్నాయి, కొన్నిటి మీద ఉమ్మెత్త మొలిచింది.

ఇరుగుపొరుగు వాళ్ళను అడగడం ఈ పనిలో ఒక అంగం. చాలామంది దాన్ని మర్యాద కోసం చేసినట్టు చేస్తారు; ఆ రోజు నేనూ అలాగే చేశాననే ఒప్పుకోవాలి. స్థలానికి తూర్పున, కంచె అవతల, ఒక అవ్వ రెండు బర్రెలతో, ఒక చేతిబోరుతో కాపురం ఉంటోంది. నీళ్ళు ఎట్లుంటాయని అడిగితే, "వాన తగ్గినాక కొన్ని దినాలు పచ్చ నీళ్ళు వస్తాయి, మళ్ళా తెల్లగైపోతాయి" అంది. నేను నోటు పుస్తకంలో, "వానాకాలం తర్వాత నీటిలో ఆకుపచ్చ రంగు, పాచి అయివుండవచ్చు" అని రాసుకున్నాను.

మార్చిలో మొదటి విడత నమూనాలు తీశాం. పటంలో ఉన్న తొట్ల చుట్టూ, శుద్ధి తొట్టి కింద, మడుల కింద, డ్రమ్ముల ముందు, మొత్తం పద్నాలుగు చోట్ల మట్టిలోకి తిప్పి దించే చేతి ఆగర్‌తో మీటరున్నర లోతువరకు తవ్వాం. పైన ఎర్రమట్టి, దాని కింద గరుసు, ఆ కింద మెత్తబడిన రాయి. మూడు మీటర్లు దాటితే చేతి పనిముట్లు ఈ నేలలో దిగవు. ఒక్కో నమూనాకు ఆగర్‌ను కడిగి, ఆ కడిగిన నీటిని కూడా డబ్బాలో పట్టి, గ్లౌజులు మార్చి, సీసామీద చోటు, లోతు, వేళ రాసి, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారిందో తెలిపే కాగితం మీద సంతకాలు పెట్టి, మంచుపెట్టెలో చెన్నైలోని గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపాం. ఈ వరస విసుగు పుట్టిస్తుంది, కానీ రేపు వారసులో, బ్యాంకో, మండలో ఆ అంకెను ప్రశ్నించినప్పుడు నిలబెట్టేది ఆ సంతకాల కాగితమే.

ఫలితాలు వచ్చినప్పుడు రెండు వింతలు కనిపించాయి. ఒకటి, సంచుల్లోని ఆకుపచ్చ బురద మీద నీటిలోకి ఎంత దిగుతుందో చూసే పరీక్ష చేస్తే, క్రోమియం లీటరుకు 5 మిల్లీగ్రాముల పరిమితికి చాలా లోపల ఉంది; చుట్టూ మట్టిలో హెక్సావలెంట్ క్రోమియం దాదాపు లేదు. అంటే పటంలో ఉన్న శుద్ధి తొట్టి నడిచినన్ని రోజులూ బాగానే నడిచింది. రెండోది, పోల్చి చూడ్డానికి స్థలం బయట, ఏ పరిశ్రమా ఎరగని బీడులో తీసిన మట్టిలో మొత్తం క్రోమియం షెడ్డు లోపలి మట్టికన్నా ఎక్కువ ఉంది. ఆ తప్పు పూర్తిగా నాది. చిత్తూరు జిల్లా గ్రానైటు, నైస్ రాళ్ళ మధ్యగా నల్లటి డాలరైట్ రాతి పట్టీలు, వాటినే డైకులంటారు, గోడల్లా సాగి ఉంటాయి. బజారులో నల్ల గ్రానైటు అని అమ్మే రాయి ఎక్కువగా అదే. ఆ రాతిలో పుట్టుకతోనే క్రోమియం ఎక్కువ. నేను ఎంచుకున్న బీడు సరిగ్గా ఒక డైకు మీద ఉంది. భూగర్భశాస్త్రం చదివిన మనిషి చేయకూడని పొరపాటు అది. మరో మూడు చోట్ల, నైస్ మీద ఏర్పడిన మట్టినుంచి పోలిక నమూనాలు మళ్ళీ తీయవలసి వచ్చింది.

గుజ్జు వ్యాపారి ఫలితాలు విని సంతోషించారు. సంచులూ, డ్రమ్ములూ తీయించేస్తే చాలు కదా అన్నారు. నాకు మాత్రం లెక్క కుదరలేదు. అనుమతి పత్రంలో ఉన్న రోజువారీ నీటి వాడకానికి, సంచుల్లో మిగిలిన బురదకు పొంతన లేదు. అన్నేళ్ళు నడిచిన యూనిట్‌లో ఆ బురద మరీ కొద్దిగా ఉంది. బయటికి పంపినట్టు మానిఫెస్టు కాగితాలు, అంటే వ్యర్థం రవాణా పత్రాలు, ఒకటో రెండో తప్ప లేవు. కరెంటు బిల్లులు మళ్ళీ తీసి చూస్తే చివరి నాలుగేళ్ళలో వాడకం దాదాపు రెట్టింపయింది. తొట్లు పెరిగాయన్నమాట. పటంలో పెరగలేదు.

పోలిక నమూనాల కోసం ఏప్రిల్‌లో మళ్ళీ వెళ్ళినప్పుడు అవ్వ కంచె దగ్గరికి వచ్చి నిలబడింది. పడమటి షెడ్డు వైపు చూపించి, "పాపా, ఊరికే ఆడ తవ్వతా ఉండారు. పచ్చ నీళ్ళ గుంత ఈడ ఉండాది" అంది. పాచి పట్టిన గుంతా అని అడిగాను. ఆమె నన్ను జాలిగా చూసి, "పచ్చకామెర్లు వస్తే కండ్లు ఆకు మాదిరి అవుతాయా? పసుపు పచ్చ తల్లీ" అంది. చిన్నప్పటినుంచి పచ్చ చామంతి, పచ్చకామెర్లు అంటూ పెరిగిన నేను, నోటు పుస్తకం చేతిలోకి రాగానే పచ్చను ఆకుపచ్చ చేసేశాను. రెండు నెలల పని ఆ ఒక్క మాట దగ్గర దారి తప్పింది.

ఆమె మనవడి వయసు కుర్రాళ్ళు కొందరు అక్కడ పనిచేశారట. చివరి ఏళ్ళలో తొట్లను తూర్పు షెడ్డులోకి పెంచి, కడిగిన నీళ్ళను రాత్రిపూట గొట్టంతో వెనుకనున్న ఇంకుడు గుంతలోకి వదిలేవారని, తర్వాత దానిమీద బండలు పరిచి మట్టి కప్పేశారని చెప్పింది. ఉపగ్రహ చిత్రంలో నేను గ్రానైటు బురద అనుకున్న మచ్చ అదే. 2021 నవంబరు వానలకు జిల్లా అంతా మునిగినప్పుడు ఆ బండల సందుల్లోంచి పసుపు నీళ్ళు ఉబికి తన పెరట్లోకి వచ్చాయని కూడా అంది.

రెండో విడతకు జేసీబీ తెప్పించాం. మీటరు లోతున బండలు తగిలాయి. వాటిని ఎత్తగానే గుంత గోడలు, గరుసు పగుళ్ళు నిమ్మపండు రంగులో ఉన్నాయి. ఎవరినీ గుంతలోకి దిగనివ్వలేదు. బకెట్‌తో పైకి తెచ్చిన మట్టి మధ్యలోంచి మాత్రమే నమూనాలు తీశాం. చెంచాడు మట్టిని స్వేదన జలంలో కలిపి, వడకట్టి, కొంచెం ఆమ్లం, డైఫినైల్‌కార్బజైడ్ వేస్తే, హెక్సావలెంట్ క్రోమియం ఉన్నప్పుడు ఊదా రంగు వస్తుంది. ఆ రోజు వచ్చిన రంగు నేరేడు పండు రసంలా ఉంది. ఇలాంటి మట్టిని ప్రయోగశాలలో ఆమ్లంలో కరిగిస్తే క్రోమియం రూపమే మారిపోవచ్చు గనుక, క్షార ద్రావణంలో తీయాలని పంపే కాగితం మీదే రాయాలి. ఆ ఒక్క వాక్యం రాయక పాడైన పరీక్షలు నేను వేరేచోట్ల చూశాను.

తర్వాత అవ్వ బోరు. గొట్టంలో నిలిచిన నీటికి మూడింతలు తోడి పారబోసి, పీహెచ్, విద్యుద్వాహకత నిలకడకు వచ్చాక, అక్కడికక్కడే వడకట్టి సీసాలో పట్టాం. హెక్సావలెంట్ క్రోమియం నీటి నమూనాను ఊరికే పంపితే ఇరవైనాలుగు గంటల్లో పరీక్షించాలి. తగిన ద్రావణం కలిపి పీహెచ్‌ను 9.3కూ 9.7కూ మధ్య నిలబెడితే ఇరవైఎనిమిది రోజుల వరకు సమయం ఉంటుంది. సీసా మూత బిగించాక మిగిలిన నీటిని అవ్వ తెల్ల పింగాణీ గిన్నెలో పోసి చూశాను. ఎండలో లేత పసుపు ఛాయ తెలిసింది. రోజూ సత్తు బిందెలో పట్టుకునే మనిషికి అది కనపడే అవకాశమే లేదు. తాగునీటిలో క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములకు మించకూడదని భారతీయ ప్రమాణం, దానికి సడలింపు లేదు. కంటికి పసుపు కనిపించిందంటే ఆ గీత ఎప్పుడో దాటిపోయిందని అర్థం. ప్రయోగశాల అంకె కోసం ఆగకుండా, ఆ నీళ్ళు తాగవద్దని, వంటకు వాడవద్దని, బర్రెలకూ పెట్టవద్దని ఆ రోజే చెప్పాం. పంచాయతీకి రాతపూర్వకంగా ఇచ్చాం. నివేదిక పూర్తయ్యేదాకా నోరు మెదపకూడదనే సలహాదారులు ఈ వృత్తిలో ఉన్నారు. నాకు ఆ పద్ధతి నచ్చదు.

చుట్టుపక్కల మరో అయిదు బోర్లలో నీటిమట్టాలు కొలిచి, నీటి వాలు తూర్పు ఆగ్నేయంగా ఉందని తేల్చాం. ఇసుక నేలల్లో కాలుష్యం ఒక పొగలా వాలు వెంట సాగుతుంది. మన గట్టిరాతి నేలలో పగుళ్ళు ఎటు తీసుకుపోతే అటే. నన్ను మొదట బోల్తా కొట్టించిన డైకు ఇక్కడ మేలు చేసింది: అది భూమిలో నిలువుగోడలా అడ్డుపడటంతో దాని అవతలి రెండు బోర్లు శుభ్రంగా ఉన్నాయి. ఇవతలి మూడింట్లో ఒక పొలం బోరు, అవ్వ బోరులాగే, చెడిపోయింది.

మట్టి అంకెలను దేనితో పోల్చాలన్నది వేరే చిక్కు. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2015 మార్గదర్శకాలు ఇటువంటి తొలి వడపోతకు కెనడా విలువలను వాడుకోమన్నాయి: హెక్సావలెంట్ క్రోమియం వ్యవసాయ, నివాస భూమిలో కిలోకు 0.4 మిల్లీగ్రాములు, వాణిజ్య, పారిశ్రామిక భూమిలో 1.4. గుంత అడుగు మట్టి ఏ లెక్కన చూసినా వాటికి అందనంత పైన ఉంది; నీటిలోకి దిగే పరీక్షలోనూ 5 మిల్లీగ్రాముల పరిమితిని దాటింది. అంటే అది ఇక మట్టి కాదు, ప్రమాదకర వ్యర్థం. దాన్ని తవ్వితే మానిఫెస్టుతో, అనుమతి ఉన్న వాహనంలో, విశాఖపట్నం దగ్గరి పరవాడలో ఉన్నటువంటి శాస్త్రీయ నిక్షేపణ కేంద్రానికి చేర్చాలి. చిత్తూరునుంచి పరవాడ అంటే రాష్ట్రం ఈ కొసనుంచి ఆ కొసకు. తవ్వకుండా అక్కడే ఫెర్రస్ సల్ఫేటు లాంటివి పంపి ట్రైవాలెంట్‌గా మార్చే పద్ధతీ ఉంది గానీ, పగుళ్ళ రాతిలో అది ఎంతవరకు చేరుతుందో ముందు చిన్న ఎత్తున ప్రయత్నించి చూడాలని రాశాను.

జూన్‌లో నివేదిక ఇచ్చాం. గుజ్జు వ్యాపారి చదివి, "మన దగ్గర ఎంత మేడమ్, ఒక గుంతే కదా, పైన సిమెంటు పోసేస్తే?" అన్నారు. ఆయనకు తమిళనాడులోని రాణిపేట గుర్తుచేశాను. చిత్తూరుకు గంట దూరంలో, 1995లో మూతపడిన క్రోమేట్ కర్మాగారం ఆవరణలో లక్షన్నర టన్నులకు పైగా క్రోమియం వ్యర్థం దశాబ్దాలుగా పడి ఉంది, చెన్నైకి సరుకు తోలే ఆయన ఆ ఊరిమీదుగా వెళ్ళిన మనిషే. సిమెంటు పైనుంచి దిగే వాన నీటిని ఆపుతుంది, కిందినుంచి పెరిగే నీటిని ఆపదు. పైగా కొన్నాక ఆ స్థలం బాధ్యత ఆయన మెడకు చుట్టుకుంటుంది. ఆయన ఆ బేరం వదులుకుని, బంగారుపాళ్యం వైపు అద్దె గోదాము చూసుకున్నారు. మా ఫీజు మాత్రం పేచీ లేకుండా ఇచ్చారు. మరుసటి నెలలోనే, 2025 జూలైలో, కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం ప్రత్యేక నియమాలు ప్రకటించింది. అనుమానం ఉన్న స్థలాల వివరాలను జిల్లా యంత్రాంగం ఆరునెలలకోసారి పంపాలని వాటిలో ఉంది. అంతకుముందైతే ఇటువంటి గుంతను ఏ కాగితంలో చేర్చాలన్నదే ప్రశ్నగా ఉండేది. వారసుల చేత మండలికి లేఖ రాయించి, మా నివేదిక దానికి జతచేయించాం. డ్రమ్ములను అక్కడినుంచి తీయించేశారు, సంచులు ఇప్పటికి కాంక్రీటు నేలమీద, కప్పు కింద, టార్పాలిన్ కప్పి ఉన్నాయి.

నవంబరు వానలు తగ్గాక మరోసారి నీటి నమూనాలు తీయడానికి వెళ్ళాను. కొత్త నీరు చేరి రంగు పలచబడుతుందని మా సహాయకుడు అనుకున్నాడు. బోరులో నీటిమట్టం ఏప్రిల్‌తో పోలిస్తే నాలుగు మీటర్లు పైకి వచ్చింది, అంటే గుంత కింది పసుపు గరుసు ఇప్పుడు నీళ్ళలో నానుతోంది. పరీక్షనాళికలో ఊదా రంగు ఏప్రిల్‌లో వచ్చినదానికన్నా చిక్కగా తిరిగింది. అవ్వ అప్పుడు పంచాయతీ కుళాయి నీళ్ళు బర్రెల తొట్టిలో పోస్తోంది. "వాన తగ్గినాకనే కదా పచ్చగా వస్తాయని చెప్తిని" అంది. ఈసారి నోటు పుస్తకంలో ఆమె మాటలను ఆమె అన్నట్టే రాసుకున్నాను, కింద నీటిమట్టం లోతు, తేదీ వేశాను.